పనిచేసే ఆవిడకిస్తే దానం కాదా? అక్షయ తృతీయ ముందు ఒక కోడలి ప్రశ్న

ప్రశ్న: నమస్తే అమ్మా. మేము హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. నేను, మావారు, అత్తయ్య, ఎనిమిదేళ్ల బాబు. పెళ్లయిన దగ్గర్నుంచి ప్రతి అక్షయ తృతీయకీ గ్రామో అరగ్రామో బంగారం కొంటూనే ఉన్నాం. మావారి ఉద్యోగం పోయి నాలుగు నెలలైంది, ఇల్లు, హోమ్ లోన్ అన్నీ నా జీతం మీదే నడుస్తున్నాయి. ఈసారి బంగారం మానేసి ఏదైనా దానం చేద్దామని 5,000 రూపాయలు పక్కన పెట్టాను. ఇప్పుడు దాని మీదే గొడవ. అత్తయ్య పురోహితుడికి ఉదకుంభ దానం, అంటే నీళ్ల కుండ దానం, ఇవ్వాలంటున్నారు, బంగారం కొనకపోతే లక్ష్మి వెళ్లిపోతుందని భయపడుతున్నారు కూడా. మావారు ఏదైనా ట్రస్టుకి ఆన్‌లైన్‌లో పంపేద్దామంటున్నారు. నాకు మాత్రం మా ఇంట్లో పనిచేసే ఆవిడకి, వాచ్‌మన్ కుటుంబానికి ఏదైనా చేయాలని ఉంది. "పనివాళ్లకిచ్చేది దానం కిందికి రాదు" అంటున్నారు అత్తయ్య. నిజమేనా? ఆవిడకి షుగర్ ఉంది, అయినా కుండ దానమిచ్చేదాకా మంచినీళ్లు కూడా ముట్టనంటున్నారు. పైగా ఆ రోజుకి నాకు నెలసరి వచ్చేలా ఉంది. ఏం చేయాలో తోచక టెన్షన్‌గా ఉంది.

– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు మీ అత్తయ్యగారి ఉపవాసం సంగతి చూద్దాం. మిగతావన్నీ ఒకరోజు అటూ ఇటూ అయినా ఫరవాలేదు గానీ ఇది అలాంటిది కాదు. షుగర్ మందులు వాడుతూ, ఈ ఎండల్లో, నీళ్లు కూడా తాగకుండా కూర్చుంటే షుగర్ ఉన్నట్టుండి తగ్గిపోవచ్చు, ఒంట్లో నీరు తగ్గి కళ్లు తిరగొచ్చు, ఆ వయసులో బాత్‌రూమ్‌లో ఒక్కసారి జారిపడ్డారంటే నెలల తరబడి మంచం మీదే. అక్షయ తదియకి నీళ్లు ముట్టకుండా ఉపవాసం చేసి తీరాలన్న ఆచారం నేను చూసిన ఇళ్లలో ఎక్కడా లేదు, ఏకాదశి లాంటి రోజు కాదిది. దానమిచ్చాక భోంచేద్దామని ఆగడం ఉంది, అంతే. ఆవిడ డాక్టర్‌కి ఇవాళే ఫోన్ చేసి మందుల సంగతి అడగండి. పాలు, పళ్లు, ఏదైనా ఫలహారం తీసుకుని దానానికి కూర్చోమనండి. పంచాంగంలో తదియ ఆలస్యంగా వచ్చే ఏడాదైతే అప్పటిదాకా ఆగాల్సిన పని అసలే లేదు. వాదన వద్దు, ఒక్క మాట చెప్పండి చాలు: "అత్తయ్యా, ఊళ్లో వాళ్ల దాహం తీర్చాలని పెట్టుకున్న రోజున మీరే దాహంతో ఉంటే నా చేత్తో నేను కుండ ఎలా నింపను?" అని. పెద్దవాళ్లు డాక్టర్ మాట వినకపోయినా ఇంట్లోవాళ్లు బాధపడుతున్నారంటే వింటారు.

ఇక బంగారం. మీరు మానేయాలనుకున్నది మంచి నిర్ణయం, దానికి నాకు మీరు సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. గ్రాము ధర ఐదంకెల్లోకి వెళ్లింది, దాని మీద 3 శాతం జీఎస్టీ, మజూరీ వేరే. ఒక్క జీతం మీద ఇల్లు, అప్పు నడుపుతున్న మనిషి క్రెడిట్ కార్డు గీకి గ్రాము నాణెం కొంటే ఆ ఇంటికి వచ్చేది లక్ష్మి కాదు, ఇంకో నెలవాయిదా. కొనగలిగినవాళ్లు కొనుక్కోవచ్చు, ఆడపిల్ల పెళ్లి కోసం ఏటా కొంత కూడబెట్టుకునేవాళ్లని నేనేమీ అనను. కానీ కొనకపోతే దోషం అన్న మాట ఎక్కడా లేదు. మాది పల్నాడు. నా చిన్నప్పుడు మా ఇంట్లో అక్షయ తదియ అంటే బంగారం మాటే వినలేదు. రెండు మూడు రోజుల ముందు కుమ్మరి ఇంటి నుంచి కొత్త కుండలు వచ్చేవి, మా నాయనమ్మ వాటికి పసుపూ కుంకుమా పెట్టి, ఒకటి గుళ్లో పూజారిగారి ఇంటికి పంపించి, ఇంకోటి అరుగు మీద ఇసుకలో కుదురుగా పెట్టి, పైన తడి గుడ్డ చుట్టి, లోపల వట్టివేళ్లు వేసేది. ఆ రోజు పెట్టిన కుండ మృగశిర కార్తె దాకా అరుగు దిగేది కాదు. నీళ్లకి అల్లాడి, శివుడంతటివాణ్ణి "గంగను వదులు, నీకు పార్వతి చాలు" అని శ్రీనాథుడు అడిగిన సీమ మాది. రెంటచింతల ఎండల సంగతి మీరు వార్తల్లో వింటూనే ఉంటారు. అక్కడ కుండ నీళ్లంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ రోజు ఏమేం దానమివ్వాలని మన పెద్దలు చెప్పారో ఒకసారి వరసగా గుర్తు తెచ్చుకోండి: నీళ్ల కుండ, గొడుగు, చెప్పులు, విసనకర్ర, గంధం, పానకం, మజ్జిగ, పెరుగన్నం, మామిడిపళ్లు. వీటిలో ఏ ఒక్కటైనా చలికాలానిదా? అన్నీ ఎండకి మందులే. ఈ తిథి 2023లో ఏప్రిల్ 22న వచ్చింది, 2024లో మే 10న, 2025లో ఏప్రిల్ 30న. ఏ ఏడాది చూసినా ఎండలు నడినెత్తి మీదున్నప్పుడే. ఆ రోజే సింహాచలంలో అప్పన్న స్వామికి ఏడాదంతా ఒంటి మీదున్న చందనం తీసి నిజరూప దర్శనమిస్తారు, ఆ రాత్రి మళ్లీ కొత్త గంధం పూస్తారు, తొలి విడతే మూడు మణుగులు. ఉగ్రమూర్తిని చల్లబరచడానికి అన్నేసి మణుగుల గంధం అరగదీసే రోజున, రోడ్డు మీద చెప్పుల్లేకుండా నడిచేవాడి అరికాళ్ల గురించి కూడా ఆలోచించాలనే ఆ వరస అలా పెట్టారని నాకనిపిస్తుంది. కాబట్టి మీ అత్తయ్యగారు ఉదకుంభ దానం అనడంలో తప్పేమీ లేదు. మీ ముగ్గురిలో ఆ రోజుకి తగిన మాట ముందుగా అన్నది ఆవిడే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, పనివాళ్లకిచ్చేది దానమవుతుందా అన్నది. దీనికి అవునని గాని కాదని గాని ఒక్క ముక్కలో చెప్పేసి వదిలెయ్యలేను, ఎందుకంటే మీ అత్తయ్యగారి మాటలో సగం నిజముంది, ఆవిడకి కూడా ఆ సగం ఏదో తెలియకపోవచ్చు. గీత పదిహేడో అధ్యాయంలో దానం గురించి మూడు శ్లోకాలున్నాయి. మొదటిది "దాతవ్యమితి యద్దానం దీయతేఽనుపకారిణే" అని మొదలవుతుంది. ఇవ్వాలి కాబట్టి, తిరిగి మనకు ఏ ఉపకారమూ చేయనివాడికి, తగిన చోట, తగిన వేళ, తగినవాడికి ఇచ్చేది సాత్త్వికమైన దానం. ఆ తర్వాతి శ్లోకం, తిరిగి ఏదో వస్తుందని ఇచ్చేది, మనసులో గింజుకుంటూ ఇచ్చేది రాజసం అంటుంది. మూడోది ఇంకా గట్టిగా చెబుతుంది, చులకన చేసి, అవమానించి ఇచ్చేది తామసం అని.

ఇప్పుడు మీ ఇంట్లో పనిచేసే ఆవిడని తలుచుకోండి. ఆవిడ రేపు కూడా మీ ఇంటికి వస్తుంది. మీరు చీరో డబ్బో ఇచ్చాక, పండక్కి చుట్టాలొచ్చినప్పుడు "ఇంకో నాలుగు గిన్నెలే కదా" అని మీరనవచ్చు, ఆవిడ కాదనలేకపోవచ్చు. అలా ఐతే మీరిచ్చింది దానం కాదు, ముందే కట్టిన కూలి. "పనివాళ్లకిస్తే దానం కాదు" అన్న మాటలో నిజం ఇదీ. అంతేగానీ ఆవిడ అంట్లు తోముతుంది కాబట్టి దానానికి పాత్రురాలు కాదనడం ఏ లెక్కలోనూ న్యాయం కాదు. పాత్రుడంటే ఎవరు? భాగవతంలో రంతిదేవుడి కథ మీ అత్తయ్యగారికి తప్పకుండా తెలిసే ఉంటుంది. నలభై ఎనిమిది రోజులు అన్నపానాలు లేక, చివరికి కాస్త అన్నం, పాయసం, నీళ్లు దొరికితే వచ్చినవాళ్లకి వచ్చినట్టు పెట్టేసి, ఆఖర్న మిగిలిన గుక్కెడు నీళ్లు నోటి దగ్గర పెట్టుకునే వేళకి ఒక పుల్కసుడు, అంటే అంటరానివాడని దూరం పెట్టిన మనిషి, దాహమంటూ వచ్చాడు. రాజు ఏమన్నాడో పోతనగారు తెలుగులో చెప్పిన తీరు నాకు ఎప్పుడు తలుచుకున్నా గొంతు పూడుకుపోతుంది: "అన్నము లేదు, కొన్ని మధురాంబువులున్నవి, త్రావుమన్న రావన్న" అంటాడు. ఊరు దగ్గరికి రానివ్వని మనిషిని ఒక రాజు "రావన్నా, అన్నా" అని పిలిచాడు. నీళ్లు పోసింది చేతులే గాని దానం చేసింది ఆ పిలుపే అని నాకు అనిపిస్తుంది. మీ అత్తయ్యగారితో వాదించే బదులు ఈ కథ ఆవిడ చేతే మీ బాబుకి చెప్పించండి. ఇంకేమీ అనక్కర్లేదు.

అయితే ఆవిడకి ఇచ్చేముందు మీరు చూసుకోవాల్సినవి ఉన్నాయి. జీతం ఏమైనా బాకీ ఉంటే అది ముందు తీర్చండి, సెలవు పెట్టినందుకు పోయిన నెల కోసిన డబ్బులుంటే అవీ ఇచ్చేయండి, ఎందుకంటే బాకీ తీర్చడం దానంలో లెక్కకు రాదు, బాకీ ఉంచుకుని దానం చేయడం అంతకన్నా కాదు. అలమరలో మీరు కట్టక పక్కన పడేసిన చీరలు ఇవ్వాలనిపిస్తే ఇంకో రోజు ఇవ్వండి, ఆ రోజున వద్దు. "ఇంద, ఇవాళ అక్షయ తృతీయ" అని అందరి ముందూ పిలిచి ఇవ్వకండి. దాని తర్వాత ఒక్క గిన్నె కూడా ఎక్కువ తోమించుకోకండి. ఇవి పాటించగలిగితే అది దానమే, నిస్సందేహంగా దానమే.

ఏమివ్వాలో మాత్రం ఆవిడనే అడగండి. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. కొన్నేళ్ల కిందట మా ఇంట్లో పనిచేసిన ఆవిడకి ఇలాంటి రోజునే మంచి వెంకటగిరి చీర కొనిచ్చాను, ఎంతో సంతోషిస్తుందనుకున్నాను, సంతోషించింది కూడా. తర్వాత మాటల్లో తెలిసింది, వాళ్లది రేకుల గది, ఉన్న ఒక్క ఫ్యాను కాలిపోయి, పసిపిల్లని రాత్రంతా చాపతో విసురుతూ కూర్చుంటోందని. ఆ చీర డబ్బుతో రెండు టేబుల్ ఫ్యాన్లు వచ్చేవి. ఒక్క మాట అడిగుంటే చాలు, అడగలేదు. ఇప్పటికీ ఆ పసిపిల్ల గుర్తొస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇలాంటిదే ఈ తిథి మీద జైనులు చెప్పుకునే కథ ఒకటుంది, మన ఇళ్లలో పెద్దగా చెప్పుకోరు గానీ తెలుసుకోవలసిన కథ. వాళ్ల మొదటి తీర్థంకరుడు ఋషభదేవుడు రాజ్యం వదిలి భిక్షకి తిరుగుతుంటే ఏడాదికి పైగా ఆయనకి తిండి దొరకలేదట. జనానికి ఆయన మీద భక్తి లేక కాదు. ఆయన గుమ్మంలోకి రాగానే బంగారం తెచ్చారు, రత్నాలు తెచ్చారు, గుర్రాలూ ఏనుగులూ తెచ్చి నిలబెట్టారు, అంత గొప్పవాడికి పిడికెడు తిండి ఇవ్వాలని ఒక్కరికీ తోచలేదు. ఆఖరికి హస్తినాపురంలో శ్రేయాంసుడనే ఆయన చెరకు రసం పోస్తే దాంతో ఆ దీక్ష ముగిసింది, అది ఈ అక్షయ తదియ నాడేనని వాళ్ల నమ్మకం. ఇప్పటికీ వర్షీతప్ అని ఏడాది పొడవునా రోజు విడిచి రోజు ఉపవాసముండేవాళ్లు ఈ రోజే చెరకు రసంతో దాన్ని విడుస్తారు. బంగారం ఇచ్చినవాళ్ల పేర్లు ఆ కథలో లేవు, గమనించారా? ఎదుటి మనిషికి ఏం కావాలో కనిపెట్టినవాడి పేరే మిగిలింది. అందుకే అంటున్నాను, పనిచేసే ఆవిడని కూర్చోబెట్టి, టీ ఇచ్చి, "ఎండాకాలం మీ ఇంట్లో ఎలా గడుస్తోంది?" అని అడగండి. వాచ్‌మన్ భార్యనీ అడగండి. అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ గది ఎక్కడుంటుందో మీకు తెలుసు, సెల్లార్‌లో మెట్ల కింద, గాలి ఆడని చోట. వాళ్లు ఫ్యానంటే ఫ్యాను, పిల్లలకి చెప్పులంటే చెప్పులు, ఏమీ వద్దు డబ్బే కావాలంటే డబ్బే కవర్‌లో పెట్టి ఇవ్వండి. డబ్బు అడగడం ఆశ కాదు, వాళ్ల అవసరమేమిటో మనకన్నా వాళ్లకే బాగా తెలుసు.

పురోహితుడి విషయంలో కూడా ఇదే అంటాను. ఆయనకిచ్చేది తంతు, పేదవాళ్లకిచ్చేదే అసలు దానం అనే మాట ఇప్పుడు బాగా వినబడుతోంది, నాకు అది నచ్చదు. ఎండలో స్కూటర్ మీద ఒక గడప నుంచి ఇంకో గడపకి తిరుగుతూ, ఆ రోజు సాయంత్రం దాకా సరిగ్గా తినని పురోహితుడు నాకు తెలుసు. ఆదాయం లేని చిన్న గుళ్లో దీపం ఆరకుండా చూసుకునే అర్చకుడూ తగినవాడే. ఉదకుంభ దానం చేసేటప్పుడు "ఏష ధర్మఘటో దత్తో బ్రహ్మవిష్ణుశివాత్మకః" అని చెబుతారు, ఆ కుండని ధర్మఘటమనే అంటారు, పితృదేవతల తృప్తి కోసం ఇచ్చే దానమది. మీ మామగారు లేరనుకుంటాను, మీరు ఉత్తరంలో ఆయన మాట ఎత్తలేదు. అదే ఐతే మీ అత్తయ్యగారి పట్టుదల పుణ్యం కోసం కాకపోవచ్చు, ఆయన పేరు చెప్పి గుక్కెడు నీళ్లు వదలాలని ఆవిడ మనసు కొట్టుకుంటోందేమో. ఒకసారి అడిగి చూడండి. ఆ దానం ఆవిడకి చేయనివ్వండి. దానసామాన్ల కొట్లో దొరికే చేత్తో నొక్కితే సొట్టపోయే చెంబు మాత్రం వద్దు, మంచి మట్టికుండ కొనండి, నీళ్లలో కాస్త పచ్చకర్పూరం, రెండు ఏలకులు వేసి, ఒక గొడుగు, నాలుగు మామిడిపళ్లు, తాంబూలం, చేతనైనంత దక్షిణతో ఇవ్వండి. గొడుగు ఆయన నిజంగా వాడుకుంటారు. అంతా కలిపి ఓ 1,200 రూపాయల్లో అయిపోతుంది.

మీవారి మాట. ఉద్యోగం లేని మనిషి ఇంట్లో ఇలాంటి మాట వచ్చినప్పుడు ఫోన్ తీసి డబ్బు పంపేసి అయిందనిపించుకోవాలని చూస్తారు, నలుగురి ముందూ నిలబడాల్సిన పని తప్పుతుందని. నేను తప్పుగా ఊహిస్తే క్షమించండి. ట్రస్టులకి పంపడం మంచిదే, తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానం ఇన్నేళ్లుగా నడుస్తున్నదంటే అలాంటి చిన్న చిన్న మొత్తాలు కూడా కలిసే కదా. పంపితే ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌లోకి మీరే వెళ్లి పంపండి. పండగ ముందు వాట్సాప్‌లో వచ్చే క్యూఆర్ కోడ్‌లని నమ్మకండి, గుళ్ల పేరు పెట్టి మోసాలు చేసేవాళ్లున్నారు. విరాళాలకిచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు (80జీ అని పిలిచేది) గురించి అడిగేట్టయితే, అది పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే, అందులోనూ నగదుగా 2,000 దాటి ఇస్తే వర్తించదు. కానీ ఈ ఏడాది మీవారికి నేను ఇంకో పని అప్పగించమంటాను, డబ్బుతో కాదు చేతుల్తో చేసే పని.

మీ అపార్ట్‌మెంట్ గేటు పక్కన చలివేంద్రం పెట్టండి.

పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు, పందిరి, బ్యానర్, పేర్లు అసలే వద్దు. రెండు పెద్ద రంజన్లు, వాటి కింద ఇసుక, చుట్టూ తడి గోనెపట్టా, గట్టి మూతలు, పొడుగు కాడ గరిటె, ఆరు స్టీలు గ్లాసులు. పోయినేడాది మా వీధిలో పెట్టినప్పుడు అన్నీ కలిపి మాకు 2,000 లోపే అయింది. ముందు మీ అసోసియేషన్‌వాళ్లతో ఒక మాట చెప్పండి, దారికి అడ్డం లేకుండా, మధ్యాహ్నం నీడ పడే వైపు చూసుకోండి. మీ ఫిల్టర్ నీళ్లే పోయండి, మీరు తాగనివి ఇంకొకరికి పోయకండి. అందరూ గ్లాసు ముంచితే నీళ్లు పాడవుతాయి, అందుకే గరిటెతో వంచుకునేలా పెట్టాలి, కొళాయి ఉన్న కుండ దొరికితే ఇంకా మేలు.

కష్టం పెట్టడంలో లేదు, నిలబెట్టడంలో ఉంది. మేము మొదటిసారి పెట్టినప్పుడు తొలి వారం సందడే సందడి, రెండో వారానికి "వాళ్లు నింపుతారులే" అని ఒకరి మీద ఒకరు వదిలేశాం. ఓ మధ్యాహ్నం కూరగాయల బండాయన మూత తీసి, లోపలికి చూసి, మళ్లీ మూతపెట్టి వెళ్లిపోవడం నా కిటికీలోంచి చూశాను. దిగి వెళ్లి చూస్తే అడుగున దోమ పిల్లలు. దాహంతో వచ్చిన మనిషిని కుండ చూపించి ఉత్తచేతులతో పంపించామే అని ఆ రోజు నాకు అన్నం సయించలేదు. అసలు పెట్టకపోతే ఆయన ఇంకోచోటికి వెళ్లేవాడు కదా. అప్పటి నుంచి ఒక్కరి బాధ్యత అని ఖాయం చేసుకున్నాం. మీ ఇంట్లో ఆ ఒక్కరు మీవారే. పొద్దున ఆరింటికి కుండ పూర్తిగా ఒంపేసి, పీచుతో లోపల రుద్ది కడిగి నింపాలి, మధ్యాహ్నం పన్నెండింటికి మళ్లీ నింపాలి, సాయంత్రం గ్లాసులు కడగాలి. అరగంట పని. ఉద్యోగం వెతుక్కుంటూ ఇంట్లో కూర్చున్న మనిషికి, రోజూ పది మంది తనకోసం ఎదురుచూసే పని ఒకటి ఉండటం ఎంత ఊరటో మీకు చెప్పక్కర్లేదు. డెలివరీ కుర్రాళ్లు, చెత్తబండి తోలే ఆవిడ, ఆటోవాళ్లు, పక్క సైట్‌లో ఇటుకలు మోసేవాళ్లు, వీళ్లంతా ఆయన్ని గుర్తుపడతారు, నవ్వుతారు. కొన్ని బిల్డింగుల్లో డెలివరీ అబ్బాయిల్ని లిఫ్ట్ కూడా ఎక్కనివ్వరు, నాలుగంతస్తులు ఎక్కి దిగివచ్చిన పిల్లాడికి గేటు దగ్గర చల్లటి నీళ్లుంటే వాడి మొహం ఎలా మారుతుందో మీరే చూస్తారు. గ్లాసు పక్కన కూర్చోవడానికి రెండు కుర్చీలు కూడా వేయండి, ఖర్చు లేనిది. గోడ మీద ఒక మట్టి మూకుడులో పిట్టలకి నీళ్లు పెట్టే పని మీ బాబుది.

అక్షయం అంటే తరగనిది అని మీకు తెలుసు. ఆ రోజు ఇచ్చిన దానికి ఫలం తరగదని పెద్దలంటారు, నేను కాదనను, కానీ నాకు నాయనమ్మ అరుగు మీది కుండ గుర్తొచ్చినప్పుడల్లా ఆ మాట ఇంకోలా వినిపిస్తుంది, ఇవాళ పెట్టిన నీళ్లు రేపు తరక్కూడదు అని. కోనసీమలో లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు ఏ వేళప్పుడు ఎవరు తలుపు తట్టినా లేచి వండి పెట్టారు, 1909లో పోయేదాకా అదే పని. ఆవిడ తిథి చూసుకుని పెట్టలేదు. మనకి అంత ఓపిక లేకపోతే ఈ ఒక్క ఎండాకాలమైనా నిలబెడదాం.

ఆ ఒక్కరోజు మాత్రం నీళ్లతోపాటు మజ్జిగ పోయండి. కమ్మటి పెరుగు మూడు లీటర్లు చిలికితే పల్చటి మజ్జిగ పన్నెండు, పదిహేను లీటర్లు వస్తుంది, అల్లం, కరివేపాకు, కొత్తిమీర, ఉప్పు, నిమ్మరసం. పదకొండింటికి కలిపి రెండింటిలోపు అయిపోయేలా చూసుకోండి, మిగిల్చి సాయంత్రం దాకా ఉంచకండి, ఈ ఎండకి పులిసిపోతుంది. పోసేటప్పుడు ఫోటోలు వద్దు. ఒకచోట అన్నదానంలో పొట్లం చేతికిచ్చి కెమెరా వైపు తిరగమంటే ఒకావిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకోవడం నేను చూశాను, ఆ పొట్లం ఆవిడ గొంతు ఎలా దిగిందో.

డబ్బు లెక్క మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. కుండలూ గ్లాసులూ 2,000, అత్తయ్యగారి దానానికి 1,200, మజ్జిగకి ఓ 300, మిగిలిన 1,500 పనిచేసే ఆవిడకి, వాచ్‌మన్ ఇంటికి. ఒకరికి ఫ్యాను అవసరమై ఆ డబ్బు చాలకపోతే కుండ ఒకటి తగ్గించండి, లేదా పై అంతస్తుల్లో ఇద్దరినడగండి, ఇస్తారు. అప్పు చేసి మాత్రం ఒక్క రూపాయి కలపకండి. 5,000 ఎక్కువ కాదేమో అని మీకు లోపల అనిపిస్తుంటే, శంకరాచార్యులకి ఇంట్లో మరేమీ లేక ఒక్క ఉసిరికాయ వేసిన ఇల్లాలి కథ మీ అత్తయ్యగారినే అడగండి, కనకధారా స్తోత్రం పుట్టిందే ఆవిడ కోసమని చెబుతారు కదా. లక్ష్మి వెళ్లిపోతుందన్న భయానికి కూడా ఆ కథే జవాబు.

నెలసరి గురించి మీరు అంత టెన్షన్ పడకండి. సంకల్పం, పూజ, పురోహితుడి చేతికి కుండ, ఇవన్నీ ఎలాగూ అత్తయ్యగారు చేస్తారు. మీ ఇంటి ఆచారం ప్రకారం మీరు ఆ గదిలోకి వెళ్లకూడదంటే వెళ్లకండి, ఆవిడ మనసు కష్టపెట్టి చేసేదేముంది. కానీ గేటు దగ్గర దాహమన్న మనిషికి నీళ్లు పోయడానికి, పనిచేసే ఆవిడ పక్కన కూర్చుని మాట్లాడటానికి ఏ మైలా అడ్డం రాదు. ఒంట్లో నొప్పిగా ఉంటే మాత్రం పడుకోండి, మజ్జిగ మీవారు పోస్తారు.

కుండలు రెండు మూడు రోజుల ముందే తెచ్చుకోండి. గోటితో కొట్టి చూడండి, ఖంగున మోగితే పగుళ్లు లేనట్టు. తెచ్చిన రోజు రాత్రి నిండా నీళ్లు పోసి తెల్లారేదాకా వదిలేసి, పొద్దున ఒంపేయండి, మట్టి వాసన పోతుంది, సన్నగా కారే కుండైతే అప్పుడే బయటపడుతుంది. ఆ ఒంపేసే నీళ్లు మీ అత్తయ్యగారి తులసికోటలో పోయించండి.